కింగ్లీ వేల్: సుద్దకొండ అడవిలో ఎక్కడ కూర్చోవాలి, ఏం కనపడుతుంది

మీ ప్రశ్న చదివాను. ఇంగ్లండులో, క్రాలీలో ఉంటారు. మే నెలాఖరుకు గుంటూరు నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, అమ్మగారికి పాములంటే భయం, మీ బాబుకి ఎనిమిదేళ్ళు. ఈమధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం ఏదో అడవికి వెళ్ళి రెండు గంటలు నడిచినా "ఉత్త చెట్లు తప్ప ఒక్క జీవం కనపడలేదు" అని రాశారు. సౌత్ డౌన్స్ సుద్దకొండల్లో కింగ్లీ వేల్ అనే అడవి ఉందని విన్నారు. పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చా, ఎప్పుడు వెళ్ళాలి, అసలు ఏమైనా కనపడుతుందా అని అడిగారు.

వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. నేను చిచెస్టర్ దగ్గర 14 ఏళ్ళుగా ఉంటున్నాను. ఉద్యోగం ఆసుపత్రి ఫార్మసీలో. సెలవు దొరికితే ఆ అడవికే పోతాను, ఏడాదిలో పది పన్నెండు సార్లు తక్కువ కాకుండా. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీకు ఏమీ ఎందుకు కనపడలేదో చెబుతాను. మధ్యాహ్నం అడవి నిద్రపోతుంది. పిట్టలు పొద్దున్నే తిని, ఎండెక్కేసరికి గమ్మున కూర్చుంటాయి. దుప్పులు నీడలో పడుకుంటాయి. పైగా మీరు నడుస్తూనే ఉన్నారు. నలుగురు మాట్లాడుకుంటూ నడుస్తుంటే ముందున్న జీవాలన్నీ మీరు చేరకముందే తప్పుకుంటాయి. మూడోది ముఖ్యమైంది: మీరు అడవి లోపల వెతికారు. ఇక్కడి అడవుల్లో ఎక్కువ ప్రాణులు ఉండేది లోపల కాదు, చెట్లు ఆగిపోయి గడ్డి మొదలయ్యే అంచు దగ్గర. ఆ అంచున అరగంట కదలకుండా కూర్చుంటే, లోపల మూడు గంటలు నడిచినదానికంటే ఎక్కువ చూస్తారు. నేను చెప్పబోయేదంతా దీని గురించే.

నాకూ ఇది ఎవరో చెబితే తెలిసింది కాదు. మొదటిసారి కింగ్లీ వేల్‌కి ఆరు కుటుంబాలం కలిసి వెళ్ళాం. పిల్లలే పదిమందికి పైగా ఉన్నారు. చెట్లు చూశాం, ఫొటోలు తీసుకున్నాం, పొదల్లోకి దూరిపోతున్న ఒక దుప్పి వెనకభాగం చూశాం, అంతే. రెండు నెలల తర్వాత ఒక మంగళవారం ఒక్కడినే వెళ్ళాను. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన అలసట, కొండ ఎక్కే ఓపిక లేదు. అడవి అంచున పడిపోయిన ఒక మాను మీద కూలబడ్డాను. పావుగంట ఏమీ లేదు. తర్వాత నా తలకు రెండడుగుల పైన కొమ్మలో ఒక పిట్ట కదిలింది. మన పిచ్చుక కంటే బాగా చిన్నది, నెత్తిన పసుపు గీత. అది గోల్డ్‌క్రెస్ట్, బ్రిటన్‌లోకెల్లా చిన్న పిట్ట, బరువు 5, 6 గ్రాములకు మించదు. నేనొకడిని ఉన్నానన్న ధ్యాసే లేకుండా ఆకుల కింద పురుగులు ఏరుకుంటోంది. ఇంతలో ఎదురుగా గడ్డిలో వడ్రంగి పిట్ట దిగింది, ఆ వెనకే పొదలోంచి రో డియర్ అనే చిన్న రకం ఆడ దుప్పి తల బయటపెట్టి చెవులు ఆడించింది. ఆ రోజు నుంచి నేను ఆ అడవికి పోయేది కూర్చోవడానికే.

ఇక నేల సంగతి. ఇది అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి, మీ బాబుకి కూడా బాగా నచ్చుతుంది. నేను పిడుగురాళ్ళలో పుట్టాను. సున్నం బట్టీల మధ్య పెరిగినవాణ్ణి. ఇక్కడికొచ్చి ఈ తెల్లటి బాటల మీద మొదటిసారి కాలు పెట్టినప్పుడు మా ఊరి దుమ్మే గుర్తొచ్చింది. రెండూ సున్నపు రాళ్ళే, కాకపోతే మా పల్నాడు రాయి కంటికి కనపడే జంతువులు పుట్టకముందు నాటిది, గట్టిది. ఇక్కడిది సుద్ద, మెత్తనిది, డైనోసార్ల చివరి కాలం నాటిది. సుమారు 10 కోట్ల ఏళ్ళ క్రితం నుంచి 7 కోట్ల ఏళ్ళ క్రితం దాకా ఈ ప్రాంతమంతా వెచ్చని సముద్రం. అందులో తేలిన కంటికి కనపడనంత చిన్న నాచుజీవులు చనిపోయి, వాటి సున్నపు పెంకులు అడుగుకు చేరి పేరుకుంటే ఈ సుద్ద అయింది. వెయ్యేళ్ళకు ఒకటో రెండో సెంటీమీటర్లు పేరుకునేది. మీరు ఎక్కే కొండ మొత్తం అలా కట్టిందే.

బాబు జేబులో ఒక చిన్న నిమ్మకాయ ముక్క పెట్టుకెళ్ళమనండి. బాట మీద పడి ఉన్న తెల్ల రాయి మీద రెండు చుక్కలు పిండితే బుస్సున సన్నటి నురగ లేస్తుంది. దాని పక్కనే నల్లగా, గాజులా అంచులున్న రాళ్ళు కనపడతాయి, వాటి మీద పిండితే ఏమీ కాదు. అవి చెకుముకి రాళ్ళు. మన తాతలు దూదికి నిప్పు అంటించుకోవడానికి వాడిన రాయి లాంటిదే. స్పాంజి వంటి సముద్రజీవుల నుంచి వచ్చిన ఇసుక పదార్థం సుద్దలో ముద్దలు కట్టి ఇలా తయారైంది. అంచులు బ్లేడులా ఉంటాయి, చేత్తో గట్టిగా పట్టుకోనివ్వకండి. చూశాక ఎక్కడి రాయి అక్కడే పెట్టేయండి.

సుద్దలో నీళ్ళు నిలవవు, స్పాంజిలా కిందికి దిగిపోతాయి. అందుకే ఆ కొండల్లో వాగులూ వంకలూ కనపడవు. పైన మట్టి జానెడు కూడా ఉండదు, ఉన్న ఆ కాస్త మట్టిలో కూడా బలం తక్కువ. బలం తక్కువ కావడమే అక్కడి అదృష్టం. ఎరువు వేసిన పొలంలో అయితే రెండు మూడు మొండి మొక్కలు మిగతావాటిని నొక్కేసి పెరుగుతాయి. ఇక్కడ ఏ మొక్కకూ అంత బలం రాదు, కాబట్టి అన్నీ పక్కపక్కన బతుకుతాయి. మేసిన పొట్టి గడ్డిలో ఒక్క చదరపు మీటరులో 40 రకాల మొక్కల దాకా ఉంటాయి. మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే తప్ప ఇది తెలియదు.

ఇప్పుడు ఆ చెట్ల గురించి. కింగ్లీ వేల్‌కి పేరొచ్చింది ఏడాది పొడవునా పచ్చగా ఉండే యూ అనే చెట్ల వల్ల. పశ్చిమ యూరప్‌లో ఇంత మంచి యూ అడవులు చాలా కొద్ది. బ్రిటన్‌లో నేచర్ రిజర్వులు మొదలైన తొలి రోజుల్లోనే, 1952లో, దీన్ని జాతీయ రిజర్వుగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 150 హెక్టార్లు, మన లెక్కలో 370 ఎకరాలు. లోయ అడుగున ఉన్న ముసలి చెట్ల గుంపు చూడటానికే ఎంతోమంది వస్తారు. కొమ్మలు వంగి వంగి నేలను తాకి, తాకినచోట వేరూని మళ్ళీ పైకి లేచాయి. మన మర్రి ఊడలు దింపినట్టే, కాకపోతే ఇక్కడ దిగేది కొమ్మే. మానులు ఎర్రగా, మెలికలు తిరిగి, ఏనుగు తొండాల్లా ఉంటాయి. వయసెంత అంటే ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ముసలి యూ చెట్టు లోపల డొల్లబారిపోతుంది, లెక్కపెట్టడానికి వలయాలు మిగలవు. వందల ఏళ్ళవి అని మాత్రం చెప్పొచ్చు.

ఆ చెట్ల కిందికి వెళ్ళగానే మీరందరూ మాట ఆపేస్తారు, చూడండి. ఆకు అంత దట్టం. జూన్ ఎండలో కూడా సందెచీకటిలా ఉంటుంది. కింద గడ్డిపోచ కూడా మొలవదు, ఎర్రటి సూదుల్లాంటి ఎండాకులు పరిచి ఉంటాయి, అడుగు వేసినా చప్పుడు రాదు. అక్కడ జంతువులు వెతకొద్దు. ఆ చీకట్లో తినడానికి వాటికి పెద్దగా ఏమీ దొరకదు. మీరు ఈమధ్య వెళ్ళిన అడవిలో కూడా బహుశా ఇదే జరిగింది. ముసలి చెట్లను చెట్ల కోసమే చూడండి. మానుకి చెయ్యి ఆనించి ఒక నిమిషం నిలబడండి. తర్వాత అంచుకు రండి.

ఒక హెచ్చరిక. యూ చెట్టు మన గన్నేరు లాంటిది. ఆకు, బెరడు, గింజ అన్నీ విషం. ఎండిన ఆకు కూడా విషమే, తిన్న పశువులు చచ్చిపోతాయి. ముట్టుకుంటే ఏమీ కాదు, నోట్లో పెట్టుకోకూడదంతే. బాబుకి ముందే గట్టిగా చెప్పండి.

ఫార్మసీలో పనిచేసేవాడిగా నాకు ఈ చెట్టంటే ఇంకో రకమైన గౌరవం. అమెరికాలో పెరిగే పసిఫిక్ యూ బెరడు నుంచి పాక్లిటాక్సెల్ అనే మందును వేరుచేసి, దాని నిర్మాణాన్ని 1971లో ప్రకటించింది మన్రో వాల్, మన్సుఖ్ వానీ. వానీ మన దేశంలోనే, మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టినవారు. దానికి చెల్లెలు లాంటి డోసిటాక్సెల్‌ను ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు యూరప్ యూ చెట్టు ఆకుల్లోని పదార్థంతో తయారుచేశారు. అంటే మీరు చూడబోయే ఈ జాతి చెట్టే. రొమ్ము క్యాన్సర్‌కి కీమోలో వాడే మందుల్లో ఈ రెండూ ఉంటాయి. వారంలో ఎన్నోసార్లు ఆ పేరున్న సీసాలు నా చేతుల మీదుగా పోతాయి. చంపే చెట్టే బతికిస్తోంది కూడా. మా పెద్దమ్మకు గుంటూరులో కీమో పెట్టించినప్పుడు ఇదే మందు. ఆమెకు ఈ అడవి ఫొటో పంపి, "పెద్దమ్మా, నీ మందు చెట్టు ఇదే" అన్నాను. చాలాసేపు చూసి, "దండం పెట్టుకుని రారా" అంది. పెట్టుకునే వచ్చాను.

సరే, అంచు దగ్గరికి వద్దాం. ముసలి చెట్లు దాటగానే లోయ తెరుచుకుని గడ్డివాలు వస్తుంది. అక్కడ నేల నున్నగా ఉండదు, గడ్డి కప్పుకున్న గుబ్బలు గుబ్బలుగా ఉంటుంది. ప్రతి గుబ్బా ఒక చీమల పుట్ట. పసుపు చీమలు ఏళ్ళ తరబడి మట్టి తోడి కట్టినవి. వాటి మీద కూర్చోకండి, తొక్కకండి. వాటికి ఎదురుగా, చెట్ల నీడలో కూర్చోండి. ఆకుపచ్చ వడ్రంగి పిట్ట అక్కడికి రాక మానదు. ఒళ్ళంతా పచ్చ, నెత్తి ఎరుపు. మన వడ్రంగి పిట్టలా చెట్టు మాను కొడుతూ కూర్చోదు, ఎక్కువసేపు నేల మీదే ఉంటుంది. ముక్కుతో పుట్టకు బెజ్జం పెట్టి, 10 సెంటీమీటర్ల నాలుక లోపలికి పంపి చీమల్ని లాగుతుంది. అంత నాలుక నోట్లో పట్టదు కాబట్టి పుర్రె వెనకనుంచి చుట్టుకుని ఉంటుంది. ముందు దాని అరుపు వినపడుతుంది, ఎవరో పెద్దగా పకపకా నవ్వినట్టు. ఆ నవ్వు విన్నాక కదలొద్దు.

ఆ చీమలకే ఇంకో చుట్టం ఉంది. చాక్‌హిల్ బ్లూ అని వెండి కలిసిన లేత నీలం సీతాకోకచిలుక. దాని గొంగళి పురుగు హార్స్‌షూ వెచ్ అనే ఒకే ఒక్క మొక్క తింటుంది, ఆ మొక్క సున్నపు నేలలోనే పెరుగుతుంది. పురుగు ఒంటి నుంచి తియ్యటి ద్రవం ఊరుతుంది. దానికోసం చీమలు దాని చుట్టూ చేరి, శత్రువులు రాకుండా కాపలా కాస్తాయి. అంటే సుద్ద లేకపోతే ఆ మొక్క లేదు, మొక్క లేకపోతే ఈ నీలం రెక్కలు లేవు. ఇవి ఎగిరేది జూలై మధ్య నుంచి, ఆగస్టులో ఎక్కువ. జూన్‌లో వెళితే ఆ వెచ్ పసుపు పూలు చూడొచ్చు, చిలుకల కోసం ఇంకోసారి రావాలి.

జూన్‌లో మీకు దొరికేది ఆర్కిడ్లు. మన దగ్గర ఆర్కిడ్ అంటే పెళ్ళి మండపాల్లో థాయ్‌లాండ్ పూలు గుర్తొస్తాయి. ఇవి నేలలో మొలిచే చిన్నవి, బెత్తెడు నుంచి జానెడు. బీ ఆర్కిడ్ కోసం వెతకండి. మొదటిసారి చూసినప్పుడు పూవు మీద తేనెటీగ వాలిందనుకుని నేను ముక్కు దగ్గర పెట్టడానికి జంకాను. గోధుమరంగు రోమాలతో, పసుపు చారలతో పూరేకే ఈగలా ఉంటుంది. మగ ఈగ ఆడ ఈగ అనుకుని వాలితే పుప్పొడి అంటించి పంపడం దాని ఎత్తు. కానీ అలా మోసపోయే ఈగ బ్రిటన్‌లో లేదు, అందుకని ఇక్కడ పుప్పొడి కాడలు వాటంతటవే వంగి తన పూవును తానే పరాగసంపర్కం చేసుకుంటుంది. మీ బాబుకి ఇది చూపించండి. ఐదు నిమిషాలు వాడు ఆ పూవు ముందునుంచి లేవడు.

అమ్మగారికి ఒక మాట ముందే చెప్పాలి. పూజకని ఒక్క పూవైనా కోయకూడదు. ఇది రక్షిత ప్రాంతం, కోయడం నిషేధం. దానికి మించి, ఆర్కిడ్ విత్తనం ధూళి అంత సన్నగా ఉంటుంది, లోపల తిండి దాచుకోదు. మట్టిలో ఒక రకం బూజు దానికి తిండి పెడితేనే మొలకెత్తుతుంది, పూయడానికి ఏళ్ళు పడుతుంది. పీకి కుండీలో పెట్టినా బతకదు. అలా చెబితే మా అమ్మ ఒప్పుకుంది, అక్కడే నిలబడి నమస్కారం చేసుకుంది.

ఈ గడ్డి దానంతట అదే ఇలా లేదు. మేసేవి లేకపోతే కొన్నేళ్ళలో ముళ్ళపొదలు కమ్మేస్తాయి. పూర్వం గొర్రెలు, కుందేళ్ళు మేసేవి. 1953లో మిక్సోమటోసిస్ అనే జబ్బు ఇంగ్లండులోకి వచ్చి కుందేళ్ళను దాదాపు తుడిచిపెట్టేసింది. కుందేళ్ళు పోగానే సుద్దకొండల మీద గడ్డి ఏపుగా పెరిగి, పొదలు ముదిరి, పొట్టిగడ్డిని నమ్ముకున్న సీతాకోకచిలుకలు చాలాచోట్ల మాయమయ్యాయి. ఇప్పుడు అక్కడ గొర్రెల్ని వదలడం, పొదలు నరకడం చూస్తారు. "రిజర్వు అని పేరుపెట్టి చెట్లు కొట్టేస్తున్నారేంటి" అని మనవాళ్ళు అడుగుతుంటారు. ఆ అంచును కాపాడటానికే కొడుతున్నారు. గేట్లు తీస్తే మళ్ళీ మూసేయండి, గొర్రెలు బయటికి పోతాయి.

పిట్టల పాటల కోసమైతే వీలైనంత త్వరగా వెళ్ళండి, జూన్ సగం దాటాక పాడటం తగ్గిపోతుంది. కక్కూ అరుపు ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా వినపడొచ్చు. అది మన కోకిలకు దగ్గరి బంధువే, ఇంకొకరి గూట్లో గుడ్డు పెట్టడంలో కూడా. నైటింగేల్ గురించి నాన్నగారు తప్పకుండా అడుగుతారు, మా నాన్న అడిగారు. హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడుని ఇంగ్లీషులో నైటింగేల్ అన్నారు, మనం భారత కోకిల చేసుకున్నాం. నిజానికి రెండూ వేరే వేరే పిట్టలు. నైటింగేల్ మన పిచ్చుక కంటే కాస్త పెద్దది, గోధుమరంగు, ఆఫ్రికా నుంచి ఏప్రిల్‌లో వస్తుంది. దానిమీదే ఆశ ఉంటే మీకు క్రాలీ నుంచి దగ్గరగా నెప్ ఎస్టేట్ ఉంది. అది సుద్ద కాదు, బంకనేల. అక్కడి ముళ్ళపొదల్లో నైటింగేళ్ళు బాగా పెరిగాయి. తెల్ల కొంగలు కూడా 2020 నుంచి అక్కడ గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుతున్నాయి. కానీ అది ఇంకో రోజు పెట్టుకోండి.

ఇక ప్రయాణం. కార్లో వెస్ట్ స్టోక్ అనే చిన్న ఊరి పక్కనున్న కార్‌పార్క్‌కి రండి. మీకు గంట దాటుతుంది. ప్రవేశానికి టికెట్ లేదు. అక్కడ మరుగుదొడ్డి లేదు, కాఫీ లేదు, మంచినీళ్ళు లేవు, ముందే చూసుకుని బయల్దేరండి. కార్‌పార్క్ నుంచి పొలాల పక్కన పావుగంట, ఇరవై నిమిషాల నడక, దాదాపు సమతలంగానే ఉంటుంది. నాన్నగారి నడకకు అరగంట వేసుకోండి. ముసలి యూ చెట్లు, నేను చెప్పిన అంచు, రెండూ కొండ ఎక్కకుండానే వస్తాయి. కాబట్టి మోకాళ్ళకు భయం లేదు. మడత కుర్చీ ఒకటి భుజాన వేసుకెళ్ళండి, ఆయన హాయిగా గంట కూర్చుంటారు. వాన పడిన మర్నాడు మాత్రం పెద్దవాళ్ళను తీసుకెళ్ళొద్దు. తడిసిన సుద్ద సబ్బు పూసినట్టు జారుతుంది.

వేళ విషయంలో మీకు ఒక కలిసొచ్చే సంగతి ఉంది. మన టైము ఇక్కడికంటే నాలుగున్నర గంటలు ముందు. ఇండియా నుంచి వచ్చిన మొదటి వారం పెద్దవాళ్ళు తెల్లవారుజామున మూడింటికే లేచి, ఏం చేయాలో తోచక కూర్చుంటారు. జూన్ మొదట్లో 5 గంటలకే వెలుతురొస్తుంది. ఆ మొదటి వారంలోనే ఒక పనిదినం చూసుకుని, ఆరింటికి బయల్దేరి ఏడున్నరకు అక్కడుండండి. ఇడ్లీలో, పులిహోరో డబ్బాలో పెట్టుకుని, చూడటం అయ్యాక తినండి. తినేటప్పుడు మాటలొస్తాయి, మాటలొస్తే దుప్పులు పోతాయి. ఆకులూ కవర్లూ అన్నీ తిరిగి ఇంటికి తెచ్చుకోండి.

పాముల గురించి అమ్మగారికి ధైర్యం చెప్పండి. బ్రిటన్ మొత్తానికి విషపు పాము ఒక్కటే, యాడర్. మన పింజర జాతిదే, కానీ చిన్నది, బెదురుగొడ్డు. వీపు మీద నల్లటి వంకరటింకర గీత ఉంటుంది. 1975 తర్వాత ఇక్కడ యాడర్ కాటుతో ఎవరూ చనిపోలేదు. బాట మీద నడిచినంతసేపు ఏమీ కాదు. రాగిరంగులో నిగనిగలాడుతూ కనపడేది స్లో వర్మ్. అది పామే కాదు, కాళ్ళు లేని బల్లి, ఏమీ చేయదు.

నిజంగా జాగ్రత్తపడాల్సింది పిడుదుల దగ్గర, అవే మన గోమార్లు. దుప్పులున్నచోట గడ్డిలో ఉంటాయి, కొన్ని నువ్వుగింజంతే ఉంటాయి. లైమ్ డిసీజ్ అనే ఇన్ఫెక్షన్ వాటివల్లే వస్తుంది. అందరూ నిండు ప్యాంట్లు వేసుకుని, అంచులు సాక్సులో దోపుకోండి. అమ్మగారు చీర కాకుండా సల్వార్ కట్టుకుంటే మంచిది. ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, చంకల్లో, గజ్జల్లో, బాబుకైతే తలలో, చెవుల వెనక చూడండి. కనపడితే సన్నటి ట్వీజర్లతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా, నెమ్మదిగా లాగండి. నూనె, కిరసనాయిలు, అగ్గిపుల్ల ప్రయోగాలు వద్దు. తర్వాత కొన్ని వారాల్లో ఆ చోట ఎర్రటి మచ్చ వలయంలా పెరుగుతుంటే, జ్వరం లేకపోయినా డాక్టర్‌కి చూపించండి. మొదట్లోనే మందు వేస్తే నయమవుతుంది.

పెద్దవాళ్ళు కుర్చీలో కూర్చున్నాక మీరూ బాబూ కొండెక్కి రండి. బో హిల్ అంటారు, 206 మీటర్లు. ఎక్కుడు నిటారుగా ఉంటుంది, మొత్తం చుట్టు తిరిగి రావడానికి రెండు గంటలు వేసుకోండి. పైన కంచుయుగం నాటి సమాధుల మట్టిదిబ్బలున్నాయి, వాటిని డెవిల్స్ హంప్స్ అంటారు. చిచెస్టర్ జనం 9వ శతాబ్దంలో వైకింగుల్ని ఓడించి, వాళ్ళ నాయకుల్ని అక్కడ పాతారని ఊళ్ళో కథ. దిబ్బలు అంతకంటే ఎంతో పాతవి, అయినా బాబుకి కథే చెప్పండి. ఆర్థర్ టాన్స్లీ అనే వృక్షశాస్త్రవేత్త జ్ఞాపకంగా నిలిపిన రాయి కూడా కొండ మీదే ఉంది. ఎకోసిస్టమ్ అనే మాటను 1935లో రాసింది ఆయనే. ఈ లోయ రిజర్వు కావడం వెనక ఆయన కృషి ఉంది. నేలా, చీమా, పూవూ, పిట్టా కలిపి ఒకే లెక్కగా చూడాలన్న మనిషి రాయి ఈ కొండ మీద ఉండటం నాకు చాలా నచ్చుతుంది. అక్కడ నిలబడితే చిచెస్టర్ చర్చి శిఖరం, దాని వెనక సముద్రపు పాయలు, ఆకాశం తేటగా ఉంటే ఐల్ ఆఫ్ వైట్ కూడా కనపడతాయి. గద్దలు కొన్నిసార్లు మీ కాళ్ళకంటే కింద ఎగురుతుంటాయి, వాటి వీపు చూడటం అక్కడే సాధ్యం.

చివరగా ఒకటి. పెద్దవాళ్ళు ఆరు నెలల వీసా మీద వస్తున్నారంటే అక్టోబర్‌లో కూడా ఇక్కడే ఉంటారు. ఇంకొక్కసారి తీసుకెళ్ళండి. మన తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే యూ చెట్లలోనూ మగ, ఆడ వేరుగా ఉంటాయి. ఆడచెట్టుకు అక్టోబర్‌లో చిన్న ఎర్రటి మెత్తటి గిన్నెల్లాంటి పండ్లు, ఒక్కో గిన్నెలో ఒక గింజ. చెట్టు మొత్తంలో విషం లేనిది ఆ ఎర్ర గుజ్జు ఒక్కటే, అయినా మనుషులు దాని జోలికి పోకూడదు. స్కాండినేవియా నుంచి చలికి దిగొచ్చే రెడ్‌వింగ్, ఫీల్డ్‌ఫేర్ పిట్టలు గుంపులుగా వాటిమీద పడతాయి. గింజ నలగకుండా మింగి, గుజ్జు అరిగించుకుని, గింజను ఇంకెక్కడో వదిలేస్తాయి. కొత్త చెట్టు అలా మొలుస్తుంది. అంచున పండ్లు బాగా ఉన్న ఒక ఆడచెట్టును చూసుకుని, దానికి ఇరవై అడుగుల దూరంలో, సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా నాన్నగారి కుర్చీ వేయండి. బైనాక్యులర్ ఆయనకే ఇవ్వండి. ఎనిమిది గంటలకల్లా పిట్టలు దిగుతాయి.